పాదుకలకు ముందు నివేదన

దేవాలయమున అర్చకస్వామి సంకల్పము చెప్పునప్పుడు మనము గోత్రనామములు చెప్పుకొందుము. మన పేర్లతోపాటు దూరదేశమున నున్న కుమారుని పేరు, పురిటికి వచ్చిన కుమార్తె పేరు, మంచము పట్టిన తల్లి పేరు కూడ చెప్పి వారి తరఫున పూజ చేయింతుము. ఒకరి కొఱకు మఱియొకరు కర్మ చేయుట మన ధర్మమునకు కొత్త కాదు. ఆలయములో జరుగు అర్చనను ఆగమములు పరార్థపూజ యనియే పిలుచుచున్నవి. అయితే ఒకరి తరఫున చేయుటకు హద్దు ఎక్కడ? చేయువాని చేయి ఎంతవఱకు పోవచ్చును, ఎక్కడ ఆగవలెను? పాఠశాలలో గురువుగారి యెదుట కూర్చుండి శాస్త్రము చదువుకొన్న రోజులలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. అఱువది యేండ్లు దాటిన పిమ్మట, అఱచేతిలో ఇమిడెడు ఫోను ఒకటి నాకు దీనిని నేర్పినది.

మా గోదావరి డెల్టా సంగతి చదువరులకు తెలియనిది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఇది అన్నమునకు లోటు లేని సీమ. చదువునకును లోటు లేదు. ఆ చదువే మా పిల్లలను హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు కొనిపోయినది. కొబ్బరితోటల నడుమ పెంకుటిండ్లలో ఇప్పుడు పెద్దవారు మిగిలియున్నారు. వారికి జబ్బు చేసినచో చూచువారెవరు? నా చిన్ననాడు అమలాపురము వైపునుండి కాకినాడ పెద్దాసుపత్రికి పోవలెనన్న, ఎదుర్లంక రేవున పంటు కొఱకు వేచియుండి, గోదావరి దాటి, యానాము మీదుగా పోవలసి యుండెడిది. రోగి ఒకడు, తోడు ఇద్దరు, అన్నపు మూట ఒకటి. 2002లో యానాము-ఎదుర్లంక వంతెన వచ్చి ఆ బాధ తీర్చినది.

ఇప్పుడు కొన్ని పనులకు వంతెన కూడ అక్కఱ లేకపోయినది. 2019 నవంబరులో 'ఈ-సంజీవని' యను దూరవైద్యసేవ ఆరంభమైనది. దేశములో దానిని మొట్టమొదట చేపట్టినది మన ఆంధ్రప్రదేశమే. పల్లెలోని ఆరోగ్యకేంద్రమున కూర్చున్న రోగిని, పట్టణములోని వైద్యుడు తెరమీద చూచి మాట్లాడుట దాని పద్ధతి. 2020 ఏప్రిలు 13న, కరోనా భయముతో ఇల్లు కదలలేని దినములలో, ఇంటినుండియే వైద్యుని సంప్రదించు విధానము కూడ అందులో చేరినది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటను మొదలై, 14 అంకెలు గల 'ఆభా' సంఖ్యతో ఎవరి ఆరోగ్యపత్రములను వారు ఒకచోట చూచుకొను ఏర్పాటు కలిగినది. ప్రైవేటు ఆసుపత్రుల వేళలు, రక్తపరీక్షల ఫలితములు, మందుల బిల్లులు అన్నియు ఫోనులోనికే వచ్చుచున్నవి. 2022 జూలైలో గోదావరి పొంగి లంకగ్రామములను చుట్టుముట్టినప్పుడు చూచినవారికి, నీటి నడుమనున్న ముసలివాని మాట ఒడ్డుననున్న వైద్యునికి వినిపించుట యెంతటి ఉపకారమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాని ఆ ఫోను ఎవరి చేతిలో నున్నది? డెబ్బదియైదేండ్ల ముత్తైదువ ఆ అద్దముమీద వేలు పెట్టి అక్షరములు కొట్టగలదా? కన్ను కానదు, వేలు వణకును, ఇంగ్లీషు రాదు. కావున మనుమడో, మేనల్లుడో, ప్రక్కింటి పిల్లయో, మందుల షాపులోని కుఱ్ఱవాడో ఆ పని చేయుచున్నారు. ఆధారు కార్డునకు ముడివేసిన ఫోను సంఖ్య చాలమంది పెద్దవారి విషయమున వారిది కాదు, కొడుకుదో అల్లునిదో అయి యుండును. ఓటీపీ యను రహస్యసంఖ్య అక్కడికే పోవును. అనగా రోగము ఒకరిది, తాళపుచెవి మఱియొకరిది. ఇందు దోషమేమియు లేదు. ఇది సేవయే. అయితే సేవకు కూడ శాస్త్రమున్నది.

చరకాచార్యులు సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంత నిలిచి పరిచర్య చేయువాడు. అతనికి నాలుగు గుణములు కావలెనని ఆయన నిర్ణయము: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగిపై అనురాగము, శౌచము. నేటి మన కుఱ్ఱవాండ్రకు మొదటి రెండును పుష్కలముగ నున్నవి. క్షణములో వేళ నిర్ణయింతురు, క్షణములో మందు తెప్పింతురు. అనురాగము కూడ ఉన్నదనియే చెప్పుదును. నాలుగవదియగు శౌచమును గూర్చియే నా విచారము. శౌచమనగా చేతులు కడుగుకొనుట మాత్రమే కాదు. ఇతరుల ధనమునందు, ఇతరుల రహస్యమునందు, ఇతరుల అధికారమునందు చేయి పెట్టకుండుట కూడ శౌచమే. ఆ శౌచము నాకు తప్పినది. ఎట్లు తప్పినదో దాచక చెప్పెదను.

మా అక్కయ్యకు డెబ్బదియాఱేండ్లు. బావగారు పోయి చాల కాలమైనది. ఆమె కోనసీమలోని మా అగ్రహారమున, ఒక ఆవుతో, తులసికోటతో, పెరటిలో పది కొబ్బరిచెట్లతో ఒంటరిగ నుండును. ఆమె కుమారుడు హైదరాబాదున ఉద్యోగము. నేను రెండు వీధుల అవతల నుందును. ఉద్యోగ విరమణ తరువాత మా అబ్బాయి కొనియిచ్చిన ఫోను వాడుట నేర్చుకొంటిని. కావున అక్కయ్య వైద్యపు వ్యవహారమంతయు నా చేతికి వచ్చినది. వైద్యునితో మాటలాడించుట, మందులు తెప్పించుట, పరీక్షలకు ఏర్పాటు చేయుట నా పని. నేర్చిన విద్య అక్కఱకు వచ్చినదను సంతోషము, కొంత గర్వము కూడ నాకుండెడివి.

గత సంవత్సరము ఆమె కాళ్ళు వాచుచుండగా వైద్యుడు రక్తపరీక్ష చేయింపుమనెను. ఆ ఫలితము ఒక సాయంకాలము నా ఫోనునకు వచ్చినది. సంధ్య వార్చుటకు కూర్చుండబోవుచు దానిని తెఱచి చూచితిని. మూత్రపిండముల శక్తి సగమునకు పైగా క్షీణించినదని వైద్యుడు నాకు చెప్పెను. వెంటనే మేనల్లునికి పంపితిని. వాడు దానిని మా కుటుంబపు వాట్సాప్ గుంపులో పెట్టెను. అమెరికాలోనున్న వారు, విశాఖపట్టణములోనున్న వారు తలకొక సలహా చెప్పిరి. రెండు దినములలో అంతయు నిశ్చయమైపోయినది. అక్కయ్యను హైదరాబాదునకు తీసికొనిపోవలెను, ఇంటికి తాళము వేయవలెను, ఆవును ఎవరికైన ఇచ్చివేయవలెను. ఆమెకు చెప్పు పని మాత్రము 'సమయము చూచి చెప్పుదము' అని నాకు విడిచిపెట్టిరి. నేను సమయము చూచుచునే యుంటిని.

మూడవనాటి ఉదయమున పొరుగూరి రైతు ఒకడు ఆవును చూచుటకు వచ్చెను. మేనల్లుడు ఫోనులో బేరము మాటాడియుండెను. అక్కయ్య పాలచెంబుతో నిలుచుండి, "నా ఆవుని అమ్ముతున్నానని నీకెవరు చెప్పేర్రా?" అని అడిగినదట. వాడు పాపము నిజము చెప్పెను: "అమ్మగారూ, తమరికి కిడ్నీలు బాగాలేవుట గదండీ, హైదరాబాదు వెళ్ళిపోతున్నారుట గదండీ!"

నేను పోవునప్పటికి ఆమె అరుగుమీద కూర్చుండి యున్నది. కోపము లేదు. కన్నీరును లేదు. "ఏరా తమ్ముడూ, నా ఒళ్ళు సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలిసిందన్నమాట! ఆఖరికి ఆవుల బేరగాడు చెప్తే వినాల్సి వచ్చింది" అనెను. ఆ మాటకు నలువదేండ్లు శాస్త్రము చెప్పిన నా నోట సమాధానము రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇందులో నా తప్పు ఎక్కడ ఉన్నదని వెదకుకొంటిని. అసత్యము చెప్పితినా? లేదు. ధనము తింటినా? లేదు. ఆమెకు చెఱుపు తలచితినా? ఎన్నడును లేదు. అయినను ఏదో పెద్ద అపచారము జరిగినదని మనస్సు చెప్పుచున్నది. అప్పుడు మీమాంసలోని ప్రతినిధి విచారము జ్ఞప్తికి వచ్చినది.

జైమిని మహర్షి మీమాంసాసూత్రముల ఆఱవ అధ్యాయమున ఒక ప్రశ్న లేవదీయుచున్నారు. యజ్ఞమునకు కావలసిన వస్తువు దొరకనిచో దాని స్థానమున మఱియొకటి వాడవచ్చునా? వాడవచ్చును. వ్రీహిధాన్యము లేనిచో నీవారములు, సోమలత లేనిచో పూతికము. ఇట్లు ద్రవ్యమునకు ప్రతినిధి కలదు. కాని దేవతకు ప్రతినిధి లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు. అట్లే యజమానికిని ప్రతినిధి లేదని సిద్ధాంతము. పదునాఱుగురు ఋత్విజులు యజ్ఞమంతయు నడపవచ్చును. యజమాని హోమకుండము దగ్గఱ ఒక్క సమిధయైన స్వయముగ వేయకపోవచ్చును. అయినను 'నేను ఇది చేయుచున్నాను, దీని ఫలము నాది' అను సంకల్పము అతనిదే. అనేకులు కలిసి చేయు సత్రయాగములో ఒకడు లోపించినప్పుడు మఱియొకని చేర్చుకొనుటకు వీలున్నది గాని, అట్లు చేరినవాడు పనివాడే యగును, ఫలమునకు స్వామి కాడు.

ఇదియే నేను మఱచినది. ఫోను నొక్కుటకు అక్కయ్య వ్రేలికి నా వ్రేలు ప్రతినిధి కావచ్చును. చదువుటకు ఆమె కంటికి నా కన్ను ప్రతినిధి కావచ్చును. ఆమె రోగమునకు, ఆమె ఇంటికి, ఆమె శేషజీవితమునకు నేను యజమానిని కాజాలను. నేను ఋత్విజుడనై యుండి యజమాని ఆసనమున కూర్చుంటిని. మంచి యుద్దేశముతో కూర్చుంటిని గనుక అపచారము కాకపోలేదు.

ఇచట కొందఱు ఆక్షేపింపవచ్చును. 'పెద్దవారికి భయంకరమైన వార్తలు చెప్పి గుండె పగులగొట్టుట ధర్మమా? చరకుడే రోగికి కీడు కలుగునట్లు ఆయుఃక్షయము చెప్పరాదనెను గదా?' అని. ఆక్షేపణ న్యాయమైనదే. విమానస్థానమున శిష్యునకు ఉపదేశించు సందర్భమున, రోగికి గాని మఱియొకరికి గాని దెబ్బ తగులుననిపించు చోట ఆ మాట పలుకవలదని ఆచార్యుడు చెప్పిన మాట నిజము. కాని ఆ మాటకు ముందే ఆయన మఱియొకటి చెప్పెను. వైద్యుడు రోగి యింటికి పోవునప్పుడు ఆ యింటివారెఱిగిన, ప్రవేశమునకు అనుమతి గలిగిన మనిషితో కలిసి పోవలెను. లోపల నున్నంతసేపు మనస్సు, మాట, ఇంద్రియములు రోగికి మేలుచేయు పనియందు తప్ప మఱి దేనియందును పెట్టరాదు. ఆ యింటి సంగతులు వెలుపల చెప్పరాదు. మేమేమి చేసితిమి? రోగికి చెప్పరాదను సగము మాట పట్టుకొని, వెలుపల చెప్పరాదను సగము విడిచితిమి. ఆమెకు దాచి, లోకమునకు చాటితిమి. చరకుడు చెప్పినదానికి ఇది తలక్రిందులు.

అదియుగాక, మౌనము రోగి మేలుకొఱకా, మన సౌకర్యము కొఱకా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. నేను సమయము చూచుచున్నానంటిని. నిజమునకు నాకు ఆమె ముఖము చూచి చెప్పు ధైర్యము లేకపోయినది. రోగికి ఉండవలసిన నాలుగు గుణములలో భయపడకుండుట ఒకటియని, తన రోగమును వివరించి చెప్పగలుగుట మఱియొకటియని చరకుడనెను. రోగికి ఏమియు తెలియనీయక, ధైర్యముగ నుండుమన్న ఎట్లుండును? దేనికి ధైర్యము?

సందేహమున్నచోట మార్గమొకటి కలదు. అడుగవలెను. ఫలితము రాకముందే, పరీక్షకు పంపుచున్న దినముననే, 'అక్కయ్యా, రిపోర్టు వచ్చిన తరువాత ఉన్నదున్నట్లు చెప్పమందువా, మంచి వైద్యము చేయించి ఊరకుండుమందువా? ఇంకెవరికి చెప్పవచ్చును?' అని అడిగినచో రెండు నిమిషముల పని. కొందఱు 'నాకేమీ చెప్పకండర్రా, మీరే చూచుకోండి' అందురు. అదియు వారి సంకల్పమే. దానిని మన్నించుటయు ధర్మమే. అడుగకుండ ఊహించుటయే తప్పు.

రహస్యమును గూర్చి మఱియొక మాట. నా బాల్యమున మా అగ్రహారములో చదువురాని పెద్దవారికి ఉత్తరములు చదివిపెట్టుట పాఠశాల పిల్లల పనిగా నుండెడిది. మా గురువుగారు మాకు రెండు నియమములు పెట్టిరి. ఉన్నది ఉన్నట్లు పూర్తిగ చదువవలెను, గడప దాటగానే మఱచిపోవలెను. ఒకమాఱు నేను ఒక యింటి ఉత్తరములోని సంగతిని తోటి విద్యార్థికి చెప్పగా, గురువుగారు నన్ను కొట్టలేదు. వ్యవహారాధ్యాయమున ఉపనిధి ప్రకరణము పదిమాఱులు వల్లింపుమనిరి. యాజ్ఞవల్క్య స్మృతి చెప్పు ఉపనిధి యనగా, లోపల నేమున్నదో చెప్పక పెట్టెలో పెట్టి ఒకరిచేతికిచ్చిన వస్తువు. పుచ్చుకొన్నవాడు దానిని ఎట్లున్నదట్లు తిరిగి యీయవలెను. మన ఫోనులలోనికి వచ్చు పరుల రిపోర్టులు ఉపనిధులే. వాటిని బంధువుల గుంపులో పరచుట, అప్పగించిన పెట్టెను సంతలో తెఱచుటవంటిది. దేహముననున్న రోగములలో తోబుట్టువునకు చెప్పదగినవి కొన్ని, కొడుకునకు చెప్పరానివి కొన్ని, వైద్యునకు తప్ప ఎవరికిని చెప్పనొల్లనివి కొన్ని యుండును. స్త్రీల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఏది ఎవరికను నిర్ణయము ఆ దేహము గలవారిది.

నేటి రాజశాసనములు కూడ ఈ త్రోవనే నడచుచున్నవని తెలిసి నాకు ఆశ్చర్యము, ఆనందము కలిగినవి. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకములలో, రోగి తానే వైద్యుని పిలిచినచో సమ్మతి ఉన్నట్లే యనియు, పరిచర్య చేయువాడు పిలిచినచో రోగి సమ్మతిని స్పష్టముగ తీసికొనవలెననియు ఉన్నది. రోగి ప్రక్కన లేకుండ ఇతరుడు మాట్లాడవలెనన్న, రోగి 16 సంవత్సరములు లేక అంతకు లోబడిన బాలుడైనను కావలెను, మతిమఱపు రోగము వంటిదానిచే అశక్తుడైనను కావలెను. కానిచో రోగి యిచ్చిన అధికారమునకు గాని బాంధవ్యమునకు గాని పత్రముండవలెను, లేదా మునుపు ముఖాముఖి చూచిన దినమున రోగియే వైద్యునితో చెప్పియుండవలెను. 'ఆభా' ఏర్పాటులోను ఒక ఆసుపత్రిలోని పత్రములు మఱియొక వైద్యునికి చేరుటకు ఆ మనిషి సమ్మతి అవసరము. ఇచ్చిన సమ్మతిని మరల ఉపసంహరించుకొనవచ్చును. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో, తాను మరణించినను అశక్తుడైనను తన హక్కులను ఎవరు వినియోగింపవలెనో ముందే ఒకరిని నామకరణము చేయు హక్కు చెప్పబడినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఆ చట్టము అంచెలంచెలుగ అమలునకు వచ్చును.

కావున యువకులు కొందఱు చేయు ఒక పనిని గూర్చి హెచ్చరింపవలసియున్నది. వారు తాతగారి పేరిట ఫోనులో ప్రవేశించి, తాతగారే వ్రాయుచున్నట్లు 'నాకు ఆయాసముగ నున్నది' అని వ్రాయుదురు. వైద్యుడు రోగియే పలుకుచున్నాడని తలచును. ఇది తేలికయైన దారి గాని సత్యము కాదు. 'నేను మనుమడను, తాతగారు నా ప్రక్కన ఉన్నారు, వారి మాట ఇది' అని చెప్పినచో వైద్యుడు తాతగారిని రెండు ప్రశ్నలడుగును. ఆ రెండు ప్రశ్నలలో మనుమనికి తెలియని సంగతి బయటపడవచ్చును.

ఇక మతి తప్పినవారి విషయము. ఇది అన్నిటికంటె కష్టము. ఏమి తిన్నారో తెలియనివారిని, కన్నకొడుకును గుర్తింపనివారిని అడుగుమన్న ఎట్లు అడుగుదుము? ఇచటనే భరతుడు మనకు గురువగుచున్నాడు. రాముడు వనమునకు పోయెను. రాజ్యము భరతుని చేతికి వచ్చెను. భరతుడు సింహాసనమెక్కలేదు. నందిగ్రామమున పాదుకలను సింహాసనముపై నుంచి, వాటికి ఛత్రచామరములు పట్టించెను. ఏ రాజకార్యము వచ్చినను, ఏ కానుక వచ్చినను, మొదట పాదుకలకు నివేదించి, తరువాతనే చేయవలసినది చేసెనని వాల్మీకి మహర్షి చెప్పుచున్నారు. పాదుకలు మాటాడవు. అయినను వాటి యెదుట నిలిచి చెప్పునప్పుడు భరతుని మనస్సులో నున్న ప్రశ్న ఒక్కటియే: 'అన్నగారు ఇక్కడ నున్నచో ఏమనెడివారు?' తనకేది మేలు అను ప్రశ్న కాదు. పదునాలుగు సంవత్సరముల పిమ్మట ఆ పాదుకలను స్వయముగ రాముని పాదములకు తొడిగి, న్యాసముగ నుంచుకొన్న రాజ్యమును అప్పగించి, కోశము, ధాన్యాగారము, సైన్యము చూచుకొనుమని లెక్క చెప్పెను.

మతి తప్పిన తల్లి విషయమున ఆమె గడచిన జీవితమే పాదుకలు. ఆమె ఏమి ఇష్టపడెడిది, దేనికి వెఱచెడిది, ఏ యింట, ఎవరి నడుమ ఉండగోరెడిది, ఏమి తినుటకు సమ్మతింపకుండెడిది, ఇవన్నియు మనకు తెలియును. వాటికి నివేదించి పిదప నిర్ణయింపవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, రోగి నియమించుకొన్న ప్రతినిధి ఆ రోగి ప్రస్తుతపు కోరికలను, పూర్వపు కోరికలను, జీవిత చరిత్రను, విలువలను, సంస్కృతిని, మేలును విచారింపవలెనని చెప్పుచున్నది. మతి చెదరకముందే తన చికిత్స ఎట్లుండవలెనో వ్రాసిపెట్టుటకును అది అవకాశమిచ్చుచున్నది. మతి పూర్తిగ పోనివారు మధ్య మధ్య స్పష్టముగ మాటాడు క్షణములుండును. ఆ క్షణము వచ్చినప్పుడు ఫోను ప్రక్కన పెట్టి వినవలెను.

భరతునితో పోల్చుకొని నేను సిగ్గుపడితిని. ఆయన కొయ్యపాదుకలకు ముందు నివేదించి పిదప కార్యము చేసెను. నేను బ్రతికి, మాటలాడుచు, రెండు వీధుల అవతల పాలు పితుకుచున్న అక్కయ్యకు నివేదింపలేదు.

మఱునాడు ప్రాతఃకాలముననే ఆమె యింటికి పోయి, క్షమింపుమని అడిగి, అరుగుమీద కూర్చుండి రిపోర్టు మొదటినుండి తుదివఱకు తెలుగులో చదివి చెప్పితిని. తెలియనిచోట తెలియదంటిని. ఫోను గొంతు పెద్దది చేసి ఆమె యెదుటనే వైద్యునితో మాటలాడించితిని. ఆమె అడిగిన మొదటి ప్రశ్న మాలో ఎవరికిని తట్టలేదు: "మోకాళ్ళ నొప్పులకని మందుల కొట్లో కొనుక్కుని బిళ్ళలు వేసుకుంటున్నాను బాబూ, దానివల్ల గాని వచ్చిందా?" వైద్యుడు ఉలిక్కిపడి, అట్టి నొప్పిబిళ్ళలలో కొన్ని మూత్రపిండములకు మిక్కిలి చెఱుపనియు, తక్షణమే మానవలెననియు చెప్పెను. ఆ సంగతి నాకు తెలియదు, మేనల్లునికి తెలియదు, అమెరికాలోనివారికిని తెలియదు. తెలిసిన మనిషిని మేము అడుగలేదు. యజమానిని ప్రక్కకు నెట్టిన యజ్ఞము ఎట్లు చెడునో అప్పుడు నాకు ప్రత్యక్షముగ కనబడినది.

తరువాత ఆమెయే నిర్ణయించుకొనెను. ఇల్లు కదలదు. నెలకొకమాఱు కాకినాడకు పోయి చూపించుకొనును. ఉప్పు తగ్గించును. మున్ముందు రక్తశుద్ధి అవసరమైన నాడు ఏమి చేయవలెనో అప్పుడు చూచుకొనును. మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు మాత్రము తప్పక పోవలెను. ఆవు ఆమె కొట్టములోనే యున్నది. హైదరాబాదున ఇంకను మంచి వైద్యము దొరకునేమో యని మేనల్లునికిని నాకును ఇప్పటికిని బాధగనే యున్నది. ఆ మాట ఆమెతో చెప్పితిమి. ఆమె వినెను. వినిన పిమ్మట కాదనెను. మా వంతు అంతవఱకే.

సేవ చేయించుకొనువారికిని ధర్మము కలదు. మనము పెద్దవారము, సగము చెప్పి సగము దాతుము. వేసికొనని మందు వేసికొంటిమందుము. పిల్లల చేతికి తాళపుచెవి యిచ్చి, లోపల ఏమున్నదో చెప్పకపోయినచో వారేమి చేయగలరు? ఉద్యోగములు చేసికొనుచు, రాత్రివేళ మన మందుల కొఱకు మేలుకొనియున్న బిడ్డలను తప్పుపట్టుటకు నేను ఈ మాటలు వ్రాయలేదు. వారి భారము తేలికయగుటకే వ్రాయుచున్నాను. మన కోరిక ముందుగ తెలిసినచో, నిర్ణయపు బరువు వారి నెత్తిన పడదు. రేపు మనము పోయిన తరువాత 'అట్లు చేసియుండవలసినదేమో' అను శంక వారిని కాల్చదు. కావున నేను నా విషయమున ఒక కాగితము వ్రాసి మా అబ్బాయికి ఇచ్చితిని. నాకు ఏమి చెప్పవలెను, ఎవరికి చెప్పవచ్చును, మతి తప్పినచో నన్ను ఎక్కడ ఉంచవలెను, ఏ చికిత్స నాకు వలదు, అన్నియు అందులో నున్నవి. ఇచ్చునప్పుడు వాని కన్నులు చెమర్చినవి. నావియును చెమర్చినవి. కాని ఆ రాత్రి ఇద్దఱమును సుఖముగ నిద్రించితిమి.

చదువరులలో ఎవరి చేతిలోనైన పరుల ఆరోగ్యపు తాళపుచెవి యున్నచో, వారికి నా విన్నపము స్వల్పము. నొక్కుటకు ముందు అడుగుడు. వచ్చినది వచ్చినట్లు మొదట వారికే చెప్పుడు. వారు వలదన్నవారికి చూపకుడు. ఎవరో ఫోను చేసి ఓటీపీ అడిగినచో ఈయకుడు. చేసిన ఖర్చునకు లెక్క చూపుడు. వారు కోరిన నాడు తాళపుచెవి తిరిగి యిచ్చివేయుడు. ఇంతకంటె భరతుడు చేసినది లేదు.

మా సీమలో ఆలమూరు సమీపముననున్న చింతలూరున ధన్వంతరి భగవానునికి ఆలయము కలదు. అక్కయ్య పేర అర్చన చేయించుటకు మొన్న పోయితిని. అర్చకస్వామి గోత్రనామము లడిగినప్పుడు చెప్పబోయి ఒక్క క్షణము ఆగితిని. ప్రక్కననే యున్న అక్కయ్య వైపు చూచితిని. ఆమె నవ్వి, తన గోత్రమును, తన పేరును తానే చెప్పుకొన్నది. నేను కొబ్బరికాయ అందించితిని. నా పని అది.

అమృతకలశధారియగు ఆ స్వామి రోగులకు ధైర్యమును, పరిచారకులకు శౌచమును అనుగ్రహించుగాక. స్వస్తి.